మాల్సున్ ఓడిపోయిన పందెం

యోంగ్సాన్‌పో రేవులో మాల్సున్ దుకాణం ఎక్కడని ఎవరూ అడగనక్కరలేదు, ముక్కే దారి చూపిస్తుంది. జాడీలో గడ్డి పరిచి, నీటిచుక్క తగలనివ్వకుండా ఆమె మాగబెట్టే టేకుచేప ముక్క నోట్లో వేసుకుంటే ఘాటు నడినెత్తికెక్కి కూర్చుంటుంది. అది తినలేనివాణ్ణి ఆమె మనిషికింద జమకట్టదు. కూతురు యోన్జు ప్రేమించిన జపాను కుర్రవాడు తకుమా, పాపం, రెండో ముక్కకే కళ్లనీళ్లు పెట్టుకుని వీధిలోకి పరుగు తీశాడు.

"ఇతగాడా నా అల్లుడు? నేనొప్పుకోను," అని తేల్చేసింది మాల్సున్.

యోన్జు తల్లికి తీసిపోయిన పిల్ల కాదు. "వాళ్ల దీవిలోనూ కంపుకొట్టే చేపుంది. అది నువ్వు తింటే నీ మాటే నెగ్గినట్టు, అతన్ని వదిలేస్తా. మింగలేకపోయావో, పెళ్లికి అడ్డు చెప్పకూడదు. సరేనా?"

"కంపుతో నన్ను బెదిరిస్తావుటే? పద!"

అలా తకుమావాళ్ల నీజిమా దీవిలో పడవ దిగింది మాల్సున్. సంచిలో ముగ్గిన కిమ్చి, అంటే కారం పట్టించిన క్యాబేజీ ఆకుల పచ్చడి, డబ్బా ఉంది. అది లేకుండా ఆమె పక్కూరికి కూడా వెళ్లదు.

తకుమా తల్లి తొమికో ఆ దీవిలో కుసాయా అనే ఆ కంపుచేపే చేసి అమ్ముతుంది. అత్తగారి అత్తగారి నాటి ఉప్పునీళ్లలో చేపల్ని ఊరబెట్టి, కడిగి, ఎండబెడుతుంది. ఆ కడగడం చూసి మాల్సున్ పెదవి విరిచింది.

"రుచంతా నీళ్లపాలు చేస్తోందేమే ఈవిడ?"

యోన్జు ఆ మాట మాత్రం జపానులోకి మార్చలేదు.

భోజనాల వేళకు చేప నిప్పులమీద పడింది. లేచిన వాసనకి అంతటి మాల్సున్ కూడా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. యోన్జు కళ్లు మెరిశాయి.

"ఏమ్మా, కిటికీ తియ్యమంటావా?"

"మూసెయ్యి. వాసన పోతుంది."

ముక్క నోట్లో వేసుకుంది. ముందు ఉప్పు తగిలింది, ఆ వెనకే ఏదో కమ్మదనం నాలుక మీద నిలిచిపోయింది. ఇంత మంచి చేప ఉందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదని ఆమెకు కోపం వచ్చింది. కిమ్చి డబ్బా తీసి, అందులోని ఆకులో చేపముక్క చుట్టి, తమ ఇంటి అలవాటు ప్రకారం తిన్నగా తొమికో నోటి దగ్గర పెట్టింది. తొమికో బిత్తరపోయి వెనక్కి వాలింది.

"అమ్మా! ఇక్కడ పెద్దవాళ్లకి అలా తినిపించరు!"

"నోరు తెరవండి వదినగారూ, చెయ్యి లాగుతోంది."

తొమికో తెరిచింది. నమిలింది, నవ్వింది, తర్వాత మెల్లగా ఏదో అంది. యోన్జు దాన్ని తల్లికి మార్చి చెప్పింది: "'పడవలో నా పక్కన ఎవరూ కూర్చోరు. నా చేతుల వాసన అలాంటిది. బయటివాళ్లు నాకు ముద్ద పెట్టడం ఇదే మొదలు' అంటున్నారు."

మాల్సున్‌కి ఊళ్లో బస్సు గుర్తొచ్చింది. అందులో ఆమె పక్క సీటూ ఖాళీయే. బళ్లో పిల్లలు 'కంపుచేప' అని ఏడిపిస్తే యోన్జు ఏడుస్తూ ఇంటికొచ్చిన రోజులు గుర్తొచ్చాయి. ఏ ఇంటికి కోడలైనా ఈ పిల్ల తల్లిని దాచుకోవలసి వస్తుందన్నదే ఆమె అసలు భయం. అది ఎన్నడూ పైకి అనలేదు. ఇప్పుడు తొమికో అదే చేత్తో చేప చీల్చి ఇస్తుంటే యోన్జు వేళ్లు నాక్కుంటూ తింటోంది. మాల్సున్ గుండె చల్లబడింది.

అప్పుడు చూసుకుంది తన పళ్లెంలోకి. ముల్లు తప్ప ఏమీ మిగల్లేదు.

యోన్జు కూడా చూసింది. ముఖం పాలిపోయింది. "తినేశావమ్మా," అంది. పక్కనే కూర్చున్న తకుమా తల వంచుకున్నాడు.

"ఎవరు తిన్నారు?" మాల్సున్ మూతి తుడుచుకుని పళ్లేన్ని తకుమా ముందుకు తోసింది. "నాకు ముద్ద దిగితేగా! ఓడిపోయాను, ఏం చేస్తాం. పెళ్లెప్పుడో మీ అత్తని కనుక్కోవే."

యోన్జు ఖాళీ పళ్లెం వంకా తల్లి వంకా మార్చి మార్చి చూసింది.

"ఏమే, చెప్పవే! ఆ నోటితోనే ఇంకో చేప కాల్చమని కూడా చెప్పు."