ఇసుక కడిగిన మంచినీళ్ళు

తెల్లారేసరికి బాయిలర్ కింద మంట పెట్టాలి. ట్యాంకర్ నీళ్ళు పైకెక్కించాలి. నీళ్ళు పొగలు కక్కేదాకా ఆగి కాస్టిక్ సోడా బస్తాలు విప్పి పోయాలి. గుంతల్లోంచి నల్ల ఇసుకను పారలతో ఎత్తి, ట్రాలీలో తోసుకొచ్చి తొట్టెలో గుమ్మరించాలి. రెక్కలు తిరుగుతుంటే నురగతో పాటు పైకి తేలే తారును తీసి డ్రమ్ముల్లో పట్టాలి. అడుగున మిగిలిన ఇసుకను లాగి అవతల పోయాలి. మళ్ళీ గుంత దగ్గరికి పోవాలి. డ్యూటీ అయ్యాక ఒంటికి అంటిన తారును డీజిల్ గుడ్డతో తుడుచుకోవాలి.

నీళ్ళతో కడుక్కోవడం ఆ పనుల్లో లేదు.

దోహాకు పడమట ఎడారిలో, పాత చమురు బావుల దగ్గర ఏళ్ళ తరబడి ఒలికిన నూనె ఇసుకలోకి ఇంకి, ఎండకు చిక్కబడి తారై కూర్చుంది. ఆ ఇసుకను కడిగి తారు తీసే పని ఒక కాంట్రాక్టరు పట్టాడు. తొంభై నాలుగు వేసవి అది. ఉప్పునీళ్ళు పోస్తే నురగ సరిగా లేవదు, తారు ఇసుకను వదలదు. అందుకని ఊరి నుంచి మంచినీళ్ళ ట్యాంకర్లు వచ్చేవి. ఇసుకకు ట్యాంకర్లు, మనుషులకు క్యాన్లు. ఎండ నెత్తికెక్కేలోపే ఆ క్యాన్లు ఖాళీ.

తొట్టె పక్కన మంచినీళ్ళ గొట్టానికి ఒక కుళాయి ఉండేది. కాస్టిక్ మీద పడితే కడుక్కోవడానికి పెట్టింది. కూలీలు అక్కడ కాళ్ళు కడుక్కుంటున్నారని సూపర్‌వైజర్ ఇక్రాముద్దీన్ దానికి ఇనుప డబ్బా బిగించి తాళం వేయించాడు.

తిరుపాలుది రాయచోటి పక్క పల్లె. దోహాలోని ఉమ్ ఘువైలినాలో ఇంటి డ్రైవరు పని అని చెప్పి విమానం ఎక్కించారు. దిగాక చేతికి పార ఇచ్చారు. క్యాంపులో అతని పక్క మంచం ఏసోబుది, పల్నాడు మనిషి. ఏసోబు నోరు ఒక్క క్షణం ఊరుకునేది కాదు. సాయంత్రం అందరూ వరసగా కూర్చుని ఒకరి వీపు ఒకరు డీజిల్‌తో రుద్దుకుంటుంటే అతనికి హుషారొచ్చేది.

"ఏరా తమ్ముడూ, నా పెళ్ళప్పుడు కూడా ఇంత నలుగు పెట్టలేదురా!"

"తిరుగన్నా, మెడ కింద ఇంగా ఉండాది," అనేవాడు తిరుపాలు.

"బీడీలు ముట్టియ్యకుండ్రి," అనేవాడు జగిత్యాల అబ్దుల్ ఖాదర్. "పెండ్లికొడుకు అంటుకుంటడు."

ఒకరోజు ఎండ ముదిరిన వేళ కాస్టిక్ నీళ్ళ గొట్టం జాయింటు దగ్గర ఊడింది. సలసల కాగుతున్న నీళ్ళు ఏసోబు మొహం మీద, రొమ్ము మీద పడ్డాయి.

ఆ కేక విని తిరుపాలు కుళాయి దగ్గరికి ఉరికాడు. తాళం పట్టి పీకాడు. రాలేదు. తాళం చెవి ఇక్రాముద్దీన్ జేబులో, ఇక్రాముద్దీన్ దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్‌లోని ఆఫీసులో. క్యాన్లు బోర్లించారు. చుక్క రాలేదు. చేతిలో పారలు ఉన్న మనుషులు ఇంతమంది నిలబడి ఉన్నారు. తాళం పగలగొట్టాలని ఒక్కరికీ తోచలేదు. అది కంపెనీ తాళం.

"తుడవండిరా! తుడవండి!" అని ఏసోబు పొర్లుతున్నాడు.

తిరుపాలు చెయ్యి రోజూ చేసే పనే చేసింది. గుడ్డను డీజిల్లో ముంచి తుడిచింది. గుడ్డతో పాటు చర్మం వచ్చింది.

దోహా ఆసుపత్రిలో ఏసోబు కళ్ళకు కట్టు కట్టారు. మంచం పక్కన తిరుపాలు కూర్చున్నాడు. చాలాసేపటికి ఏసోబు చెయ్యి తడుముకుంటూ వచ్చి అతని చేతిని పట్టుకుంది.

"తుడిచింది నువ్వేనా తమ్ముడూ? డీజిల్ కంపు కొడతన్నావు."

"నేనేన్నా," అన్నాడు తిరుపాలు.

"మెత్తగా తుడిచావురా. మా అమ్మ కూడా అంత మెత్తగా తుడవలా."

మర్నాడు ఏసోబు చనిపోయాడు. గుండె ఆగిందని కంపెనీ అతని ఇంటికి కబురు పంపింది.

క్యాంపులో ఇక్రాముద్దీన్ అందరినీ నిలబెట్టాడు. "డాక్టర్ సాబ్ సాఫ్ చెప్పిండు. వెంటనే నీళ్ళు పోస్తే బతుకుతుండె. మీరేమో డీజిల్ పూసిన్రు. చంపింది కంపెనీ కాదు, మీరే. నోరు తెరిస్తే జైలు. సమఝ్ అయిందా?"

అందరూ పారలు తీసుకుని ఇసుక ఎత్తడానికి పోయారు. కుళాయికి వేసిన తాళం ఒకటి. ఇప్పుడు వీళ్ళ నోళ్ళకు పడింది ఇంకొకటి. మొదటిదానికన్నా ఇదే గట్టిది. తిరుపాలు అన్నం కలుపుకోబోయి చెయ్యి వాసన చూసి పళ్ళెం పక్కకు నెట్టేవాడు.

శుక్రవారం నమాజు నుంచి వచ్చిన ఖాదర్ మెస్సులో అందరినీ కూర్చోబెట్టాడు.

అనంతపురం తిమ్మప్ప, అందరిలోకీ పెద్దవాడు, ముందే చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దప్పా. కదిలిస్తే ఈ తిరుపాలును పట్టకపోతారు. పోయినోడు ఎట్లాగూ పోయినాడు. ఉండేటోళ్ళన్నా బతకల్ల."

"పెద్దాయనా, ఒక్క మాట," అన్నాడు ఖాదర్. "ఆ డీజిల్ గుడ్డ ఈని చేతులకు ఎట్లొచ్చింది? ఊర్ల మొహం డీజిల్‌తోనే కడుగుతుండెనా ఈడు?"

"చాలు ఖాదర్ భాయ్," అని తిరుపాలు లేచాడు. "నేనే తుడిచినా. కుళాయి కాడికి పోతే తాళముండె. నీళ్ళు గొట్టంలో పోతాండే చప్పుడు నా చెవికి వినిపిస్తానే ఉండె. ఇసక్కి పోతాండాయి. వాళ్ళు రోజూ నేర్పిందే నా చేతికొచ్చె. నన్ను జైల్లో వేసుకుంటే వేసుకోనీ. ఆ తాళం మాత్రం ఉండగూడదు. రేపు తిమ్మప్ప మింద పడితే నేను మళ్ళా ఆ గుడ్డే పట్టుకోవల్లనా?"

వెనక బెంచీలో ఒకతను మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఆ రోజు తానూ గుడ్డ అందించానన్నాడు. క్యాన్లో చివరి గుక్క తానే తాగానని ఇంకొకడు చెప్పాడు. ఇన్నాళ్ళూ ఎవడి పాపం వాడే దాచుకున్నాడు. అన్నీ ఒకచోట పోసి చూస్తే, వాటన్నిటి కింద ఆ తాళమే కనబడింది.

శనివారం పొద్దున బాయిలర్ మండింది. పారలు మాత్రం కదల్లేదు. మనుషులు కుళాయి చుట్టూ నిలబడ్డారు.

"యల్లా, యల్లా! క్యా తమాషా హై?" అంటూ ఇక్రాముద్దీన్ వచ్చాడు.

ఖాదర్ డీజిల్ డబ్బా అతని ముందు పెట్టాడు. "ఇక్రాం సాబ్, ఎండల వడి వచ్చిన్రు. జర మొహం కడుక్కోండ్రి."

"పాగల్ అయినవా?"

"మాకు ఇదే సబ్బు గదా సాబ్. మీకేం తక్కువ?"

ఏసోబు పోయాక వాళ్ళ మధ్య నవ్వు వినపడింది అప్పుడే. ఇక్రాముద్దీన్ మొహం ఎర్రబడింది. తర్వాత గొంతు తగ్గించాడు. "నా నెత్తిమీద కూడా ఒకడున్నడు భాయ్. హుకుం నాది కాదు."

"తాళంచెవి నీదే గదప్పా. ఇయ్యి," అన్నాడు తిమ్మప్ప.

ఇక్రాముద్దీన్ చెయ్యి జేబు దాకా పోయింది. అక్కడే ఆగింది.

వద్దన్న తిమ్మప్పే మొదట పార ఎత్తాడు. రెండో దెబ్బ ఖాదర్‌ది. ఆ తర్వాత ఎవరిదేదో తెలియలేదు. డబ్బా ఊడిపడింది. కుళాయి తిప్పితే నీళ్ళు దూకాయి.

మొహాలు పెట్టారు, కాళ్ళు పెట్టారు. తిరుపాలు దూరంగా నిలబడిపోతే ఖాదర్ అతన్ని లాక్కొచ్చి, రెండు చేతులూ నీళ్ళ కింద పట్టి రుద్దాడు. తిరుపాలు చేతులు వాసన చూసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ వాసన పోలేదు.

మధ్యాహ్నానికి పోలీసు వ్యాన్లు వచ్చాయి. లీడర్ ఎవరని అడిగారు. ఎవరూ చెప్పలేదు. ఇక్రాముద్దీన్ వేలు చూపించాడు. ఖాదర్‌ను, తిమ్మప్పను ఎక్కించారు. జనం వ్యాన్లకు అడ్డం కూర్చున్నారు. లాఠీలు లేచాయి, తలలు పగిలాయి, వ్యాన్లు కదిలాయి.

"తాళం మళ్ళ ఎయ్యనీయకుండ్రి!" అని ఖాదర్ కిటికీలోంచి అరిచాడు. వాళ్ళిద్దరినీ కట్టుబట్టలతో ఇండియాకు పంపేశారు.

మిగిలినవాళ్ళు పారలు ముట్టలేదు. చల్లారిన తొట్టెలో తారు గడ్డకట్టింది. చివరికి ఆ కుళాయికి ఇక డబ్బా ఉండదు, తాళం ఉండదు అని కాంట్రాక్టరు మనిషే వచ్చి చెప్పాక పనిలోకి దిగారు. అవతల గుంతల దగ్గర నేపాలీలు, పాకిస్తానీలు పనిచేసేవారు. వాళ్ళ కుళాయికీ తాళమే. సంగతి కనుక్కోవడానికి వాళ్ళ మనిషి ఒకడు వస్తే, వచ్చీరాని హిందీలో తిరుపాలు అంతా చెప్పాడు. తాను తుడిచిన సంగతి కూడా దాచలేదు. ఆ వారమే వాళ్ళూ పారలు కింద పెట్టారు.

పల్నాడులో ఏసోబు భార్య కరుణమ్మ తన భర్త గుండె ఆగి పోయాడనే ఇప్పటికీ నమ్ముతోంది. ఆమె దగ్గరికి వెళ్ళి నిజం చెప్పే ధైర్యం తిరుపాలుకు ఇంకా రాలేదు. ఇది చదివిన కార్మికులు, విద్యార్థులు మీరైనా ఏసోబును ఉన్నదున్నట్టు గుర్తుపెట్టుకోండి. అతని గుండెకు ఏ జబ్బూ లేదు. నిండా మంచినీళ్ళు పారుతున్న గొట్టం పక్కన కాలిపోయాడు. చర్మం ఊడదీసిన చేతిని పట్టుకుని, మెత్తగా తుడిచావని చెప్పి పోయాడు. దయచేసి అతన్ని మరిచిపోకండి.