తెరిచిపెట్టిన డ్రైవు

2003లో పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో ఐజాక్ కంప్యూటర్లు చూసేవాడు. గుమస్తా గోపికి కొత్తగా కొన్న ఎక్స్‌పీ కంప్యూటర్‌లో, టైపిస్టు జయమణి గారి పాత విండోస్ 98 కంప్యూటర్‌లో ఉన్న సరుకుల జాబితాలు కనిపించడం లేదు. పొద్దుటి నుంచి తంటాలు పడి విసిగిపోయి, ఒక్క ఫోల్డరుకు బదులు ఆమె డ్రైవు మొత్తాన్నీ పాస్‌వర్డ్ లేకుండా, ఆఫీసులో ఎవరైనా తెరిచి చూసేలా షేర్ చేసేశాడు. జాబితాలు తెరుచుకున్నాయి. అందరూ మెచ్చుకున్నారు.

భోజనాల వేళ గోపి కంప్యూటర్ చుట్టూ నలుగురు మూగి గుసగుసలాడుతున్నారు. ఐజాక్ తొంగిచూశాడు. తాగొచ్చి కొడుతున్న భర్త మారేలా ప్రార్థన చేయమని జయమణి గారు పాస్టరుకు రాసుకున్న ఉత్తరం అది.

ఐజాక్ పరుగున వెళ్లి ఆమె కంప్యూటర్‌లో షేరింగ్ తీసేశాడు. అంతలో ఆమె క్యారేజీ కడుక్కుని వచ్చారు.

"ఏటి బాబూ, మళ్లీ పాడైపోనాదా?"

అవునంటే సరిపోయేది. కానీ అబద్ధం నోట రాలేదు.

"లేదమ్మా. నాను మొత్తం తెరిసేసినాను. పాస్టరుగారికి మీరు రాసిన ఉత్తరం గోపీ ఆళ్లు సదివేసినారు."

"నువ్వూ సదివినావా?"

"సదివినానమ్మా," అన్నాడు తల దించుకుని.

ఆమె క్యారేజీ బల్ల మీద పెట్టారు. "ఇంకెవలికీ సెప్పొద్దని ఆళ్లకి నువ్వే సెప్పు," అన్నారు చివరికి.

ఐజాక్ వెళ్లి ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని బతిమాలాడు.