బుడగ లేని సీసా

డిపోలో కుక్క కూడా కొన్న నీళ్ళే తాగుతోందని మొదట కనిపెట్టింది వగినీ.

మా పేటలో సోయా పాలు విరిచి టోఫు గడ్డలు చేసే బట్టీ ఆమెది. నేను అందులో పొయ్యి ఎగదోసేవాణ్ణి. రోజూ పొద్దున్నే ఆమె రెండు తట్టల టోఫు తీసుకెళ్ళి, పేట పక్క గోడకు అవతలున్న పెట్రోలు డిపో క్యాంటీనులో వేసి వచ్చేది. ఆ రోజు గేటు దగ్గర కాపలావాడు నీళ్ళ డబ్బా మూత తీసి కుక్క పళ్ళెంలో వంపుతున్నాడట. లోపల బోరు ఉండగా కుక్కకు కొన్న నీళ్ళేమిటని ఆమె నవ్వుతూ అడిగింది. పైవాళ్ళ ఆర్డరు, ఆర్నెల్ల నుంచీ ఇంతే అన్నాడు వాడు.

మా బావుల్లో పెట్రోలు వాసన మొదలై అప్పటికి నెల కూడా కాలేదు. గోడకు అటువైపు కుక్క ప్రాణానికి ఆర్నెల్ల కింద అందిన జాగ్రత్త ఇటువైపు మూడు వందల ప్రాణాలకు అందలేదు. ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అంతలో సంతలో మా టోఫు నోట్లో పెట్టుకున్నవాళ్ళు ఉమ్మేయడం మొదలైంది. సోయా గింజ నానేది నీళ్ళలో, ఉడికేది నీళ్ళలో. నీళ్ళు చెడితే మా బతుకే చెడినట్టు. వగినీ బట్టీలో సమావేశం పెట్టాం. డిపోతో గొడవ పెట్టుకుంటే అక్కడ పీపాలు మోసేవాళ్ళ కూలి పోతుందని కొందరన్నారు. ఆ కూలి కోసం ఈ నీళ్ళే తాగుతారా అని ఆడవాళ్ళు నిలదీశారు. చివరికి నలభై మందిమి గేటు దగ్గరికి పోయాం.

ఆఫీసరు మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు, టీ ఇప్పించాడు. గురువారం నగరం నుంచి పరీక్ష చేసేవాళ్ళు వస్తారన్నాడు. మేం గెలిచినట్టే ఇళ్ళకు వచ్చాం.

ఇల్లలకగానే పండగ కాదంటారు. మేం నిజంగానే అలకడం మొదలుపెట్టాం.

మా జావా పల్లెల్లో అతిథి వస్తున్నాడంటే ముందు చేతికొచ్చేది చీపురు. ఉపవాసాల నెల ముందు, పెళ్ళిళ్ళ ముందు పేటంతా కలిసి బావులు తోడి కడుగుతాం. పేట పెద్ద తుగిమన్ చెక్క గంట కొట్టాడు. నగరం నుంచి చదువుకున్నవాళ్ళు వస్తున్నారు, మురికి బావులు చూపించి పరువు తీసుకుందామా అన్నాడు. ఒక్కరం కూడా ఎదురు చెప్పలేదు. మంగళవారం, బుధవారం ముప్పై ఒక్క బావులూ తోడేశాం. నీళ్ళ మీద తేలుతున్న రంగుల తెట్టును పాత గుడ్డలతో అద్ది తీసి కాలువలో పిండాం. ఒరలు కొబ్బరి పీచుతో తోమాం. పటిక వేశాం, బ్లీచింగు పొడి చల్లాం, పైన గులాబీ రేకులు కూడా చల్లాం. వాసన పోవాలని మూతలు తీసి రెండు రోజులు గాలికి వదిలేశాం.

బావులు తవ్వే కర్యో తాత లోపలికి దిగాడు. కాసేపటికి లోపల్నుంచి పాట వినిపించింది. పైకి లాగితే కాళ్ళు నిలవడం లేదు, ఒకటే నవ్వు. ముసలాడికి తాగకుండానే ఎక్కిందని మేమూ నవ్వాం. అది పెట్రోలు ఆవిరి అని తెలియని మా నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో వినిపిస్తుంది. ఆ రోజు నుంచి ఆయన చేతులు వణుకుతూనే ఉన్నాయి.

గురువారం వచ్చినవాళ్ళు సీసాలు నింపుకున్నారు. ఇంత శుభ్రమైన పేట ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నారు. మేం పొంగిపోయాం. వగినీ వేడివేడిగా టోఫు వేయించి పెడితే మాత్రం ఒక్కరూ ముట్టలేదు.

రెండు వారాలకు డిపో గోడ మీద కాగితం అంటించారు. ముప్పై ఒక్క బావుల్లోనూ దోషం లేదట.

ఆ కాగితం పట్టుకుని వగినీ నగరంలో రసాయన శాస్త్రం చదివే రెత్నోను పిలుచుకొచ్చింది. విద్యార్థి సంఘం పిల్ల. కాగితం చదివి ఒక్కటే అడిగింది, పరీక్షకు ముందు బావుల్ని ఏం చేశారని. మేం గొప్పగా చెప్పాం. ఆ పిల్ల తల పట్టుకుని కూర్చుంది.

"పెట్రోలు నీళ్ళ మీద తేలుతుందక్కా. గాలి తగిలితే ఎగిరిపోతుంది. వాళ్ళ నేరానికి సాక్ష్యాన్ని మీ చేతుల్తోనే కడిగేశారు."

అందరం తుగిమన్ మీద పడ్డాం. గంట కొట్టింది నేనే, కానీ మీ చేతులు ఊరుకున్నాయా అన్నాడతను. డిపోవాళ్ళు అతనికి ముందే నూరిపోశారో, మాలాగే సిగ్గుపడ్డాడో నాకు తెలియదు. వగినీ అందరినీ ఆపింది.

"ఈయన్ని తంతే బావి బాగవుతుందా? వాళ్ళు మనల్ని కొట్టి చేయించుకోలేదయ్యా. మన సిగ్గుతో చేయించుకున్నారు. పేదోళ్ళు మురికోళ్ళని ఎవడో అంటాడని మనకి భయం. ఆ భయమే వాళ్ళకి కూలి లేని పనోడు."

ఈసారి ఎవరూ బావి కడగలేదు. మూతలు వేసి కాపలా కాశాం. రెత్నో నీళ్ళు పట్టడం నేర్పింది. సీసాను వంచి మెల్లగా నింపాలి. నీళ్ళు అంచు మీదికి ఉబికాక మూత బిగించాలి. తలకిందులు చేస్తే లోపల ఆవగింజంత బుడగ కూడా ఉండకూడదు. బుడగ ఉంటే పెట్రోలు అందులో చేరి, మూత తీయగానే పారిపోతుందట. టోఫు గడ్డ విరగకుండా కోసే చేతులు కాబట్టి మా ఆడవాళ్ళకు రెండో సీసాకే పట్టుబడింది. సీసాలు చల్లగా ఉండాలని రేవులో జాలర్లు చేపల ఐసు ఊరికే ఇచ్చారు. ముప్పై ఒక్క సీసాలు నగరానికి చేరాయి. ఇరవై ఆరింటిలో విషం తేలింది.

ఇక డిపో కంపెనీ కాదనలేకపోయింది. శుభ్రపరిచే కార్యక్రమం అని బోర్డు పెట్టింది. కారుతున్న ట్యాంకు పైకి తీయాలి, తడిసిన మట్టి తవ్వాలి, భూమిలో నీళ్ళను ఏళ్ళ తరబడి తోడి కడగాలి అని రెత్నో చెప్పింది. వచ్చింది మాత్రం సిమెంటు లారీలు. ప్రజల భద్రత కోసం బావులు మూసేస్తారట. పుండు కోయకుండా పైన గుడ్డ కప్పే వైద్యం.

బావికొకరు చొప్పున ఆడవాళ్ళు గట్ల మీద కూర్చున్నారు. పోలీసులు వచ్చారు. మీ మేలు కోసమే కదా, లేవమని ఇన్‌స్పెక్టరు వగినీతో చెప్పాడు.

"ఈ బావి మా నాన్న తవ్వించాడు. దీన్ని మూస్తే రేపు మీ కంపెనీ ఇక్కడ బావే లేదంటది. బాగుచేసి ఇవ్వండి, నేనే లేచి దండం పెడతా."

జుట్టు పట్టి ఈడ్చారు. అడ్డుపోయిన నాకు లాఠీ తగిలి భుజం కీలు తప్పింది. సాయంత్రానికి బావులన్నిటికీ సిమెంటు పడింది. వగినీని జైల్లో పెట్టి ఆమె మీద రాసిన కేసు ఏమిటో తెలుసా? శుభ్రపరిచే పనికి అడ్డుపడిందట. జీవితమంతా తోమి కడిగిన మనిషి మీద.

బట్టీ ఆరిపోయింది. నేను రేవులో చేపల బుట్టలు మోస్తున్నాను. రోజు విడిచి రోజు నీళ్ళ ట్యాంకరు వస్తుంది, కొన్నిసార్లు రాదు. కర్యో తాత వణికే చేతులతోనే ఏడిళ్ళలో మంచాల కింద, పైకి కనపడకుండా, నేలలో నీళ్ళ దాకా సన్న గొట్టాలు దింపాడు. అదే ఆయన ఆఖరి పని. నెలనెలా వాటిలోంచి సీసాలు నింపుతున్నాం. వాసన తగ్గలేదు. ఇవాళ మొదలుపెట్టినా ఈ నేల మీ కాలంలో బాగవదని రెత్నో దాచకుండా చెప్పింది.

పోయిన వారం జైల్లో వగినీని చూశాను. సగమైంది. శుభ్రమైన పేటను చూడడానికి రాజధాని నుంచి పెద్ద అధికారి వస్తున్నాడని, తుగిమన్ గంట కొట్టబోతున్నాడని చెప్పాను. బెయిలు గురించి అడుగుతుందనుకున్నాను.

"చీపురు ముట్టుకోవద్దని చెప్పు" అంది.

ఇవాళ గంట మూడుసార్లు మోగింది. ఎవరూ కదల్లేదు. దారంతా ఎండుటాకులు, చేప పొలుసులు, బూడిద. తుగిమన్ ఒక్కడే చీపురు పట్టుకుని ఊడవబోయాడు. అతని భార్య వచ్చి అది లాక్కుని లోపలికి పోయింది. మళ్ళీ బయటికి వచ్చి, గొట్టంలోంచి నింపిన సీసా ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చుంది. అప్పటికే ప్రతి గడపలోనూ ఒకరు అలాగే కూర్చుని ఉన్నారు.

కార్లు వచ్చాయి. వాటి వెనక పోలీసు వ్యాను కూడా వచ్చింది. ఎవరూ లేవలేదు. నేను నా సీసాను తలకిందులు చేసి ఎండకు ఎత్తి చూశాను. బుడగ లేదు.