లేబుల్ లేని కుంకుమ సీసా

నేను ఒక గాజు సీసాను, బొటనవేలంత ఉంటాను. అమెరికాలో ఒక ఫ్యాక్టరీలో నాలో కోరింత దగ్గు టీకా నింపి, రబ్బరు మూత బిగించి, ఒంటికి లేబుల్ అంటించి పంపారు. నా తోటి సీసాలు ఎంతమంది పసివాళ్ల ప్రాణాలు నిలబెట్టాయో తలుచుకుంటే ఇప్పటికీ గర్వమే. ఆ గర్వంతోనే ఒహాయోలో ఒక పిల్లల డాక్టరు దగ్గరికి చేరాను.

నాలోని చివరి మోతాదు మందార అనే పసిపిల్లకు పడింది. వాళ్లమ్మ హైమావతిది తెనాలి. చిన్న సీసా కనిపిస్తే పారేయడానికి చేతులు రాని మనిషి. నర్సును బతిమాలి నన్ను ఇంటికి తెచ్చుకుంది. వేడినీళ్లలో నానబెట్టి, లేబుల్ గీకేసి, తళతళలాడేలా తోమి, కుంకుమ పోసి దేవుడి గూట్లో పెట్టింది. ఆ హోదాకి నేనూ మురిసిపోయాను.

ఆ వారంలోనే మందారకు మూర్ఛలు మొదలయ్యాయి. ఆ తర్వాత మాటలు రానేలేదు. నా వల్లేనా? నాకు తెలియదు, నిజంగానే తెలియదు. టీకా నష్టపరిహారం కోసం పెట్టిన ప్రత్యేక కోర్టు రుజువు చాలదంది. అప్పుడు తల్లిదండ్రులు రాష్ట్ర కోర్టుకెక్కారు. ఇంతకంటే ప్రమాదం తక్కువ ఉండే టీకా చేసే పద్ధతి తెలిసి కూడా కంపెనీ ఎందుకు చేయలేదన్నదే వాళ్ల ప్రశ్న.

జ్యూరీకి చూపిస్తానని వాళ్ల లాయరమ్మ నన్ను సంచిలో వేసుకుంది. సంచిలోనే ఉండిపోయాను. టీకా రూపకల్పనలో లోపం ఉందని రాష్ట్ర చట్టం కింద దావా వేయడానికి దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం ఒప్పుకోదని జడ్జి కేసు కొట్టేశారు. ఇలాంటి దావాలు పెరిగితే కంపెనీలు టీకాలు చేయడమే మానేస్తాయి, అప్పుడు పిల్లలకు దిక్కెవరని ఆ చట్టం చేసినవాళ్ల భయం. ఆ భయం ఉత్తదేం కాదు. కానీ మనుషుల తీరు చూడండి, జవాబు తేల్చకుండానే ప్రశ్నను ఇంటికి పంపించేశారు.

హైమావతికి ఆ చట్టం ఎంతకీ బుర్రకెక్కలేదు.

"ఆ లేబులు నేను గీకెయ్యకపోయుంటే కేసు నిలబడేదేమోనండీ," అంటుంది భర్త భాస్కరంతో.

"ఎన్నిసార్లు చెప్పను హైమా? దానిమీది బ్యాచి నంబరు డాక్టరు దగ్గర రాసే ఉంది. జడ్జిగారు అసలా సంగతే ఎత్తలేదు గదా!"

"చూస్తే ఎత్తేవారేమో."



కుంకుమ ఏనాడో వంపేసింది కానీ నన్ను పారేయలేదు. తల్లికంటే పొడుగెదిగిన మందార నన్ను నేలమీద దొర్లించి నవ్వుతుంది. ఆట అయ్యాక హైమావతి నన్ను కొంగుతో తుడిచి, లేబుల్ ఉండిన చోట వేలితో తడుముతుంది. అమ్మా, నువ్వు చెరిపింది ఒక కాగితం ముక్కే, అందులో నీ తప్పేమీ లేదని చెప్పాలని నా ప్రాణం కొట్టుకుపోతుంది. కోర్టులో నన్ను అడిగినవాళ్లు లేరు. ఇక్కడ ఈ తల్లి రోజూ అడుగుతుంది, నాకేమో నోరు లేదు.