గుడ్డెక్కడే

వెంకటప్పయ్య తెల్లగుడ్డ తాను భుజాన వేసుకుని తన చేనిగట్టు మీదికి వస్తుంటే మాబున్నీసాకు ముందు కళ్లు మండాయి, తరవాత కడుపు మండింది. ఒళ్లో పత్తి ఒళ్లోనే ఉండగా సాలు మధ్య నిలబడిపోయింది.

ఇంకా మడత విప్పని తాను. చివర మిల్లు ముద్ర నీలంగా కనిపిస్తూనే ఉంది. అయిదు రోజుల కింద, శుక్రవారం నాడు, ఇదే వెంకటప్పయ్య సర్కారు రేషను మీద తను నడిపే కంట్రోలు గుడ్డల డిపో తలుపుకు అడ్డంగా నిలబడి, "జానెడు గుడ్డ లేదే తల్లీ! యుద్ధం కదా, నేనేం చేసేది?" అని చేతులు తిప్పాడు.

ఆ రోజు ఆమె అడిగింది చీరా కాదు, రవికా కాదు. అత్త ఖైరున్నీసా తెల్లవారుజామున పోయింది, కఫన్‌కు గుడ్డ కావాలి. దూదేకులోళ్లలో చనిపోయిన ఆడమనిషిని అయిదు ముక్కల్లో చుట్టి సాగనంపాలి. రొంపిచెర్ల చుట్టుపక్కల పరుపున్న ప్రతి ఇంట్లోనూ జనం పడుకునేది ఖైరున్నీసా ఏకిన దూది మీదే. వెంకటప్పయ్య కూడా దానిమీదే గుర్రుపెట్టేది. అంతమందికి మెత్తగా పడక అమర్చిన మనిషిని రెండు పాత పరుపుగలీబుల కుట్లు విప్పి, ఉతికి, వాటిలో చుట్టి మట్టిలో పెట్టారు. గలీబు మూలల్లో చిక్కుకున్న దూదిని వేళ్లతో లాగుతూ మాబున్నీసా మొగుడు నాగూర్ వలి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇప్పుడేమో దొరగారు తాను మోసుకొచ్చాడు, దానకర్ణుడిలా.

ఎందుకంటే ఆ రోజు ఆఖరి తీత. ఆ ఊళ్లో పత్తి ఆఖరి తీతకు ఒక పద్ధతుంది. కూలి ఆడవాళ్లంతా ఒడి నింపుకుని గట్టు ముందు వరసగా నిలబడతారు. ఒకామె పాట ఎత్తి ఆసామిని, చేనును దీవిస్తుంది. మిగతావాళ్లు వంత పాడతారు. పాట ఎత్తినామెకు ఆసామి అందరి ఎదుటా తాను చించి రవికెగుడ్డ పెట్టాలి. పెట్టాకే ఒళ్లో పత్తి కుప్పలో పడుతుంది. పెట్టందే పోస్తే మరుసటేడు చేను పండదని నమ్మకం. ఆ నమ్మకం అందరికంటే ఎక్కువ ఉన్నది వెంకటప్పయ్యకే. అందుకే డిపోలో లేని గుడ్డ చేలోకి నడిచొచ్చింది!

ముప్పై ఏళ్లుగా ఆ పాట ఎత్తేది నాగేంద్రమ్మ. గొంతు కంచుగంట, నోరు కత్తి. ఆ కత్తి మాబున్నీసాకు పన్నెండేళ్లప్పుడే తగిలింది. అప్పుడొక ఆఖరి తీత నాడు నాగేంద్రమ్మ దగ్గుతూ ఆగిపోతే, మాబున్నీసా తను కట్టుకున్న పాట ముక్కొకటి ఎత్తింది. వంత రాలేదు. నాగేంద్రమ్మ దగ్గు ఆపుకుని, "ఏమే, దూదేకులోళ్ల పిల్లకి పాటేందే? పోయి దూది ఏకుకో!" అంది. చేను చేనంతా నవ్వింది. ఏడాది పొడుగునా ఊళ్లో ఆమె పేరు 'కవిసాయిబు'. నీళ్లకు పోతే కవిసాయిబు, అంగడికి పోతే కవిసాయిబు. ఆ తరవాత ఇరవై రెండేళ్లు ఆమె ఎవరి ముందూ పాడలేదు. మొగుడు విల్లు పట్టి దూది ఏకుతుంటే ఆ నారి మోతకు పాటలు వాటంతటవే వచ్చేవి. పళ్ల వెనకే నమిలి మింగేసేది.

అత్తను మట్టి చేసిన నాడు వచ్చిన పాటను మాత్రం మింగలేకపోయింది. అయిదు రోజులుగా అది నాలుక చివరే ఉంది.

వరస కట్టారు. ఇరవై మంది ఆడవాళ్లు, ఒంటి మీద అతుకుల చీరలు, ఒళ్లో తెల్లటి పత్తి. చేతినిండా పత్తి ఉన్నవాళ్లకు కట్టను బట్ట లేని కాలం అది! నాగేంద్రమ్మ గొంతు సవరించుకుంది. ఈ మనిషిని ఇప్పుడు దీవిస్తారా? చల్లగుండమంటారా?

మాబున్నీసా వరస చివరిదాకా చూసింది. నవ్వుతారు. తప్పకుండా నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. అయినా నోరు తెరిచింది. కోపం తెరిపించింది.

"చేను నిండా పత్తి పూసె – గుడ్డెక్కడే?
ఒడి నిండా పత్తి తీస్తి – గుడ్డెక్కడే?"

వంత రాలేదు. గాలికి పత్తిమొక్కలు గలగలమన్నాయి, అంతే. వరస చివర సుశీల అనే పడుచుపిల్ల కిసుక్కుమంది. పక్కావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. వెంకటప్పయ్య పొట్ట కదిలేలా నవ్వాడు.

"దూదేకులోళ్ల పిల్లకి కవిత్వం పుట్టిందిరో! నాగేంద్రమ్మా, నువ్వింక ఇంటికాడ కూర్చో!"

సరిగ్గా ఇరవై రెండేళ్ల నాటి నవ్వే. మాబున్నీసా చెవులు కాలిపోయాయి. ఆగిపోదామనిపించింది. ఆగితే ఆ గలీబులు మళ్లీ కళ్ల ముందుకొస్తాయి. వంత కూడా తనే అందుకుని గొంతు పెంచింది.

"ఊరి పరుపులన్ని ఏకె మా అత్త
ఊపిరి పోయిన నాడు – గుడ్డెక్కడే?
శుక్కురారం జానెడైన లేని తాను
బుధవారం భుజానెక్కె – గుడ్డెక్కడే?"

వెంకటప్పయ్య నవ్వు ఆగింది. ఎవరూ పేరు ఎత్తకముందే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తానును వెనక్కి దాచుకోబోయాడు. అంత తాను ఎక్కడ దాగుతుంది? ఇరవై జతల కళ్లు దాని మీదే పడ్డాయి.

అప్పుడు వరస మధ్యనుంచి కంచుగంట మోగింది. "గుడ్డెక్కడే?"

నాగేంద్రమ్మ. మాబున్నీసా తన చెవుల్ని తనే నమ్మలేదు. రెండోసారి నాగేంద్రమ్మతో పాటు మరో నలుగురు. మూడోసారి సుశీల కూడా. చిరుగుల చీరలు కట్టిన ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో అడుగుతుంటే ఆ మాట పక్క చేలదాకా పోయింది.

"ఆపండెహె!" అని అరిచాడు వెంకటప్పయ్య. "నాగేంద్రమ్మా, ఏంది ఈ గోల? రా, రవికెగుడ్డ తీసుకో. పత్తి పొయ్యండి."

"పాట ఎత్తింది నేను కాదుగా," అంది నాగేంద్రమ్మ. "ఎత్తినదానికి పెట్టు. ఏటేటా చేసే పద్ధతేగా!"

అతను పళ్లు కొరుకుతూ రవికెకు సరిపడా కొలవబోయాడు.

"రవికె నాకొద్దు," అంది మాబున్నీసా. "నిలువెత్తు ముక్కలు చించు. అయిదు."

"అయిదా? నీకేమన్నా పిచ్చా? పోయిన మనిషి పోయె, ఇప్పుడు నీకెందుకే?"

"మా అత్తకు కాదయ్యా. ఆమె గలీబుల్లోనే పోయింది, ఇంక నీ గుడ్డ ఆమెకెందుకు? ఈ ఊళ్లో ఇకమీదట పోయే ఆడదానికి. ఏ ఇంటిదైనా సరే. నీ డిపో గుమ్మంలో మళ్లీ ఎవరూ చేతులు కట్టుకుని నిలబడకుండా నా పెట్టెలో దాస్తా."

వెంకటప్పయ్య వరసకేసి చూశాడు. ఒక్కరు కూడా ఒడి విప్పలేదు. పొద్దు వాలుతోంది. పత్తి కుప్పలో పడకపోతే వచ్చే ఏడు చేను సంగతేంటో అతనికి తెలుసు. చించాడు. కొత్త గుడ్డ చర్రున చిరిగిన చప్పుడు అయిదుసార్లు వినిపించింది. ఆ తరవాతే పత్తి కుప్పలో పడింది.

ఇంటిదారిలో నాగేంద్రమ్మ ఆయాసపడుతూ వచ్చి మాబున్నీసాను కలుసుకుంది.

"ఏమే మాబూ, కోపమా నా మీద?"

"కోపం కాక ప్రేమా పెద్దమ్మా?" మాబున్నీసా ఆగి తిరిగింది. "ఆ రోజు నువ్వు నవ్వబట్టి ఇరవై రెండేళ్లు నోరు కుట్టుకున్నా. ఎన్ని పాటలు మింగానో నీకేం తెలుసు? నా పాట అంత చెత్తగా ఉందా ఆ రోజు?"

నాగేంద్రమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"చెత్తగా ఉంటే నవ్వేదాన్నేందే? చానా బాగుంది. నా రవికెగుడ్డ పోతదని భయమేసింది. అందుకని నవ్వా."

మాబున్నీసా ఆమె మొహంలోకి చూసింది. క్షమించాలనిపించలేదు. ఒక రవికెగుడ్డకు ఇరవై రెండేళ్లు! చంకలో అయిదు ముక్కల్ని గట్టిగా అదుముకుంది.

"రేపు గోపాలరావు గారి చేలో ఆఖరి తీత," అంది. "పాట నేనే ఎత్తుతా. మొదటి చరణానికే వంత అందుకో. ఇవాళ్టిలా ఆలస్యం చెయ్యమాక."

"సరేలేవే," అంది నాగేంద్రమ్మ, ఆమె వెనకే నడుస్తూ.