పదో భాగంలో రైలు

పుస్తకాలకు అట్టలు కట్టే పెద్దాయనను అందరూ జిగురు మామయ్య అంటారు. జపాను గురించి ఆయనకు తెలిసిందంతా భార్య చదివి వినిపించిన బొమ్మల కథలోదే. తొమ్మిది భాగాలు విన్నాడు, చేతులు జిగురులో, చెవులు ఆవిడ దగ్గర పెట్టి. కట్టె ఇళ్ల మీద విమానాలు నిప్పులు కురిపించడం, ఓడిపోయామని చక్రవర్తే రేడియోలో చెప్పడం, కొడుకును యుద్ధానికి పంపిన తల్లి రోజూ స్టేషనుకు వచ్చి నిలబడటం.

"వస్తాడంటారా?" అని దిగులుపడేది భార్య.

"పదో భాగం రానీ, చెప్తా."

అది రాకముందే ఆవిడ పోయింది. ఏడాదైంది.

ఇప్పుడు లైబ్రరీ నుంచి పదో భాగం మరమ్మతుకు వచ్చింది. అట్టలు ఊడిపోయాయి, పేజీలకు అంకెల్లేవు, మాటలూ తక్కువే. అలవాటు కొద్దీ కుట్టు ఎడమవైపు ఉంచుకుని, పై అట్టకు పేరు చీటీ అంటించి, ఆత్రంగా చూశాడు.

ముందే తెల్లజుట్టు ముసలమ్మ, దూసుకుపోయే రైలు, ఆకాశమంత భవనాలు. పేజీలు తిప్పేకొద్దీ భవనాలు రేకుల కొట్లయ్యాయి, కొట్లు బూడిదయ్యాయి. 'ఇంత కట్టుకుని మళ్లీ యుద్ధమా? బుద్ధుందా వీళ్లకి?' అని తిట్టుకున్నాడు. ముసలమ్మ జుట్టు నల్లబడితే రంగేసుకుందనుకున్నాడు. ఆఖరి పేజీలో రైలు మెట్టు మీద కొడుకు, అతని చెయ్యి పట్టుకున్న తల్లి.

వచ్చేశాడు! మామయ్య కళ్లు తుడుచుకున్నాడు. ఆ సంతోషం పంచుకోవడానికి పక్కన మనిషి లేనందుకు ప్రాణం ఉసూరుమంది.

మర్నాడు లైబ్రరీ అమ్మాయి పుస్తకం చూసి ఫక్కున నవ్వింది. "మామయ్యా, చీటీ వెనకట్టకి అంటించారు. జపాను బొమ్మల పుస్తకాలు కుడి నుంచి చదవాలి."

"అయితే ఈ ఆఖరి పేజీ?"

"అదే మొదటిది. కొడుకు వెళ్లిన రోజును ఆవిడ తలుచుకుంటుంది. ఆ తర్వాత ఊరు లేస్తుంది. ఆవిడ ముసలిదవుతుంది."

"కొడుకు?"

ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. "రాడు మామయ్యా."

రేపు సరిచేసి తెస్తానని పుస్తకం ఇంటికి పట్టుకెళ్లాడు. చీటీని తడిపి ఊడదీసి, అసలు వైపున అంటించాడు. పనిలో తప్పు ఉంచడం ఆయనకు చేతకాదు.

అది ఆరేలోగా భార్య కుర్చీకి ఎదురుగా కూర్చున్నాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడతో ఒక్క అబద్ధం ఆడలేదు. పుస్తకం మళ్లీ ఎడమ నుంచే తెరిచాడు.

"వచ్చాడే," అన్నాడు. "చూడు, రైలు దిగుతున్నాడు."