పేలికలో ఆరిన తోడు

కరువుకు తాళలేక బర్రెను లారీ ఎక్కించిన పొద్దున ఆకాశమంతా మబ్బులు కమ్ముకున్నాయి. అమ్మకుండా ఆగుదామా అని మాలకొండయ్య పలుపుతాడు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. గాలి లేచింది. మబ్బులు కొండ దాటి పోయాయి. తాడు లారీవాడి చేతికిచ్చేశాడు.

నేను ఒక పెరుగు తోడును. మాలకొండయ్య భార్య వెంగమ్మ కాపురానికి వస్తూ తెచ్చుకున్నదాన్ని. వాళ్ళమ్మ ఒక గుడ్డపేలికను గడ్డపెరుగులో ముంచి, నీడన ఆరబెట్టి, ముడివేసి కూతురి చేతిలో పెట్టింది. అట్లా ఈ ఇల్లు చేరాను.

ఒక్కదాన్ననుకోకండి. కంటికి ఆనని కోట్ల ప్రాణుల గుంపును. ఓర్చుకోవడమే మా బతుకు. చలి పెడితే ఒంటి పొరను మెత్తబరుచుకుని నిదానంగా పని చేసుకుంటాం. కొంచెం వేడి తగిలితే లోపల వంకరపోయినవాటిని సరిచేసుకోవడం నేర్చుకుంటాం. ఆ నేర్చిందే తరవాత వచ్చే పెద్ద వేడికి కొంత అడ్డుపడుతుంది. పాలల్లో తీపి తిని మేం వదిలే పులుపే చివరికి మా ప్రాణం తీస్తుంది. అది లోపలికి ఊరేకొద్దీ, పడవలో చేరిన నీళ్ళలాగా బయటికి ఎత్తిపోసుకుంటూ ఉంటాం. మనుషులకూ ఎవరి పులుపు వాళ్ళకుంటుంది. ఎత్తిపోసుకునేవాళ్ళను మాత్రం పెద్దగా చూడలేదు.

వీధిలో ఎవరింట పెరుగు చెడినా గిన్నె పట్టుకుని వెంగమ్మ దగ్గరికే వచ్చేవాళ్ళు. దీపాలు పెట్టాక ఇచ్చేది కాదు, లక్ష్మి వెళ్ళిపోతుందని. ఆ కరువులో లక్ష్మి పట్టపగలే లారీలెక్కి పోయింది. మిగతా ఇళ్ళ బర్రెలు ముందే పోయాయి. ఇక నేను మిగిలింది వెంగమ్మ ముంతలోనే.

ఆమె పేలిక తెచ్చి నన్ను అందులోకి ఎత్తుకుంటుంటే మాలకొండయ్య నవ్వాడు.

"బర్రె లేదు, పాలు లేవు. తోడెందుకే నీకు?"

"బర్రె నీది. తోడు మా అమ్మది" అంది వెంగమ్మ. "దీన్ని పారెయ్యబాక. పాలు దొరికిన్నాడు ముంచితే నా పెరుగే తింటావు."

నీడన ఆరాను. ఆరితే అన్ని పనులూ ఆపి పడుకుంటాం. చూరులో దోపిన ముడిలో అట్లా పడుకుని ఉండగానే, ఆ వేసవిలో వెంగమ్మ జ్వరంతో పోయింది.

మాలకొండయ్య ఏడవలేదు. కొట్టు పెరుగు వడ్డిస్తే విస్తరి పక్కకు నెట్టేవాడు. మాట తక్కువ మనిషి, ఆ ముడి సంగతి ఎవరికీ చెప్పలేదు.

వెంగమ్మ దినం ముందురోజు మైలగుడ్డలన్నీ సోడా వేసి ఉడకబెట్టారు. కోడలు తిరపతమ్మ శుభ్రం గల పిల్ల. చూరులో మాసిన పేలిక కనపడితే ముడి కూడా విప్పకుండా కాగులో పడేసింది. నేర్చుకోవడానికి వ్యవధి ఇచ్చే వేడి కాదది. పైనున్న వాళ్ళం పైనే పోయాం. ముడి నడుమ, గట్టిగా బిగిసినచోట, కొద్దిమందిమి చావకుండా మిగిలాం, చచ్చినట్టే. ఆరాక తిరపతమ్మ ముడిని తీసినచోటే దోపింది.

దినం అయ్యాక మాలకొండయ్య పక్క ఊరు నడిచివెళ్ళి చెంబుడు బర్రెపాలు తెచ్చాడు. కోడలిచేత కాచించి, ఆరిందాకా పక్కనే కూర్చున్నాడు. వెంగమ్మలాగా వేలు ముంచి చూశాడు. చూరుకేసి చెయ్యి చాపాడు.

"అది ఉతికా మామా" అంది తిరపతమ్మ. "మైలగుడ్డల్లో ఉడకేశా."

మాలకొండయ్య చెయ్యి అట్లాగే ఉండిపోయింది. కోడలికి ఏమీ అర్థం కాలేదు, ఆ మొహం చూసేదాకా.

"చూద్దాంలే" అని ముడి పాలల్లో వదిలాడు.

తడి తగిలింది. తీపి తగిలింది. లేవబోయాం. విరిగినవాటిని అతికించుకోవడానికే ఉన్న శక్తి చాలలేదు. ఒకరిద్దరు ముడి దాటి బయటికి జారారు. చెంబుడు పాలకు ఒకరిద్దరేం చేస్తారు.

తెల్లవారి మాలకొండయ్య మూత తీశాడు. గిన్నె వంచితే పాలు పాలలాగే కదిలాయి. ముడి పైకి తీసి, పిండకుండా, మళ్ళీ చూరులోనే దోపాడు.

తిరపతమ్మ అన్నం పెట్టింది. మామ పక్కన మొగుడు, ఎదురుగా తను. మాలకొండయ్య ఆ పాలే అన్నంలో పోసుకుని, పెరుగన్నానికి వేసినట్టే ఉప్పు వేసి కలిపాడు. కొడుకు గిన్నె తన వైపు లాక్కున్నాడు. తిరపతమ్మ కూడా అవే పోసుకుంది. ముగ్గురూ ఆఖరి ముద్ద దాకా తిన్నారు.